నీటి మట్టం గీసిన దారి

పులివెందుల నుంచి ఏ దిక్కు పట్టుకొని సైకిలు తొక్కినా ఎక్కడో ఒకచోట పెడలు బరువెక్కుతుంది. కదిరి దారిలో పోయేకొద్దీ ఎక్కుడే. ముద్దనూరు వైపు పోతే గుట్టలు పక్కనే తోడు వస్తుంటాయి. మా సీమ నేల ఎట్లాంటిదో తెలియాలంటే గండికోట అంచున నిలబడి, పెన్నా నది కొండను నిలువునా కోసుకొని పారిన లోయను ఒక్కసారి చూస్తే చాలు. ఇట్లాంటి నేల మీద సైకిలు నేర్చుకున్నవాళ్లం. ఎక్కుడు వస్తే దిగి తోసుకుంటాం, దిగుడు వస్తే కాళ్లు కదపకుండా గాలికి వదిలేస్తాం.

అందుకే తీరం వెంబడి రెండు వారాల సైకిలు యాత్రకు పథకం వేద్దామని కూర్చున్నప్పుడు పని చాలా తేలికనిపించింది. కొండ లేదు, లోయ లేదు. పటం పరిచి కాకినాడ నుంచి నెల్లూరు దాకా ఒక గీత గీస్తే అయిపోతుందనుకున్నాను. పెన్సిలు పట్టుకొని చూస్తే ఆ గీతను నాకంటే ముందే ఎవరో గీసి పెట్టారు. సముద్రాన్ని కనుచూపు మేరలోనే ఉంచుకొని, ఊరూరికీ మధ్యగా, దక్షిణానికి సాగిపోయే సన్నటి నీలి గీత. అదే బకింగ్‌హాం కాలవ. దానికి ఉత్తరాన కొమ్మమూరు కాలవ, ఏలూరు కాలవ, కాకినాడ కాలవ. నాలుగూ కలిస్తే ఒకే దారి.

ఆ దారిని ఎట్లా వేశారో తెలుసుకుంటూ పోయిన కొద్దీ నా పథకం మారిపోయింది. చదును నేల మీద దూర ప్రయాణం వేయడం ఎట్లాగో ఆ కాలవ తవ్వినవాళ్లకు తెలిసినంతగా మరెవరికీ తెలియదని నాకిప్పుడు గట్టి నమ్మకం. మట్టం, గాలి, నది, మజిలీ అనే నాలుగు లెక్కలనూ వాళ్లు నూటయాభై ఏళ్ల కిందటే తేల్చిపెట్టారు. సైకిలు యాత్రకు కావలసినవీ ఆ నాలుగే.

ఏడు వందల కిలోమీటర్లకు పైగా ఒక మట్టం

మొదట కాలవ సంగతి. 1806లో చెన్నపట్నం నుంచి ఎన్నూరు వరకు ఒక చిన్న కాలవ తవ్వించారు. దాని వెనుక ఉన్న వర్తకుడు బేసిల్ కాక్రేన్ పేరు మీద అది చాలాకాలం కాక్రేన్ కాలవగానే పేరుపడింది. 1837లో ప్రభుత్వం దాన్ని తన చేతికి తీసుకుంది. ఆ తరువాత ముక్క ముక్కగా ఉత్తరానికి పెరిగింది. పులికాట్ సరస్సు గుండా, దుగరాజపట్నం మీదుగా, కృష్ణపట్నం దాటి, చివరికి ఇప్పటి చీరాల దిగువన పెదగంజాం చేరింది. 1878లో అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు దానికి పెట్టారు.

పెదగంజాం దగ్గరే ఎందుకు ఆగింది? అక్కడికి కృష్ణా డెల్టా నుంచి కొమ్మమూరు కాలవ వచ్చి కలుస్తుంది. సర్ ఆర్థర్ కాటన్ పూనికతో 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట, 1855 నాటికి విజయవాడ ఆనకట్ట పూర్తయ్యాయి. ఆ ఆనకట్టల కింది కాలవలను పొలాలకు నీళ్లిచ్చేటట్టు, పడవలు నడిచేటట్టు రెండు పనులకూ తవ్వారు. కాకినాడ నుంచి ధవళేశ్వరం 50 కిలోమీటర్లు, గోదావరి దాటి విజ్జేశ్వరం నుంచి విజయవాడ 139, విజయవాడ నుంచి పెదగంజాం 113, అక్కడి నుంచి చెన్నై 316, చెన్నై నుంచి మరక్కాణం 110. ఈ వరుసనంతా 2008లో ప్రకటించిన నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. కాకినాడలో పడవెక్కిన బియ్యం బస్తా నేల మీద కాలు మోపకుండా చెన్నపట్నం చేరేది. తిరుగు దిక్కున ఉప్పు, సర్వి కట్టెలు, సామాన్లు వచ్చేవి.

ఈ కాలవ అందం దాని మట్టంలో ఉంది. పడవను నడిపినవి మూడు శక్తులు: తెరచాపకు అందే గాలి, గెడకర్ర, గట్టు మీద నడుస్తూ తాడు పట్టి లాగే మనిషి భుజం. ఆ మనిషి కోసం కాలవ పక్కన గట్టు కట్టారు. గట్టు ఎక్కుతూ దిగుతూ ఉంటే లాగేవాడి ఊపిరి ఆగిపోతుంది. అందుకని నీటికి సమంగా, మలుపులు నిదానంగా, కాలు జారకుండా గట్టు వేశారు. ఒక మనిషి ఒంటి బలంతో బరువును రోజంతా ముందుకు తీసుకుపోవాలంటే నేల ఎట్లా ఉండాలో ఆలోచించి వేసిన బాట అది. సైకిలు తొక్కేవాడు మోసే బరువు తక్కువే అయినా అడిగేది సరిగ్గా అట్లాంటి నేలనే.

ఎత్తుల లెక్క మాకు రైలు స్టేషన్లు నేర్పాయి. పసుపు బోర్డు మీద ఊరి పేరు కింద సముద్ర మట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తో రాసి ఉంటుంది. పులివెందుల సుమారు 270 మీటర్ల ఎత్తున ఉంది. ప్రొద్దుటూరు 160కి దగ్గర, కడప 140కి దగ్గర, నెల్లూరు ఇరవై లోపు. ఇంటి నుంచి సముద్రం దాకా పోవడమంటే ఆ 270 మీటర్లూ దిగడం. తిరిగి రావడమంటే అంతా ఎక్కడం, మధ్యలో వెలిగొండలను దాటడం అదనం. తీరం చేరాక మాత్రం రోజుల తరబడి ఆ అంకె పదికి అటూ ఇటూగా ఆడుతుంది, అంతే.

చదునులో ఒక కష్టముంది, కొండ ప్రాంతం వాళ్లకు అది మొదట తట్టదు. దిగుడు లేని చోట విశ్రాంతి కూడా లేదు. తొక్కితేనే బండి కదులుతుంది. నా సైకిలుకు ముందు పళ్ల చక్రానికి 44 పళ్లు, వెనుక ఫ్రీవీలుకు 18. 28 అంగుళాల చక్రంతో లెక్క కడితే పెడలు ఒక చుట్టుకు సుమారు 5.5 మీటర్లు. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 19 కిలోమీటర్లకు పైనే. వంద కిలోమీటర్లకు 18 వేల పైచిలుకు చుట్లు, ఒక్కటీ ఉచితంగా రాదు. కూర్చునే తీరు మారదు, చేతులు పట్టుకున్న చోటు మారదు. మోకాలికంటే ముందు అరిచేతులు తిమ్మిరెక్కుతాయి. అందుకని గంటకొకసారి దిగి పది నిమిషాలు నడవాలని కాగితం మీదే రాసుకున్నాను. ఎక్కుడులో దిగి తోసే మన అలవాటును చదునులో గడియారం చూసి పాటించాలి.

లాకు దగ్గర

కాలవ పనితనమంతా ఒక్కచోట చూడాలంటే లాకు దగ్గర నిలబడాలి. కృష్ణా డెల్టాలో దుగ్గిరాల లాకులు తెలియనివాళ్లుండరు. తీరంలో కాలవ నదిని దాటే చాలాచోట్ల ఇట్లాంటి కట్టడాలు వేశారు. కొన్ని పాడుబడ్డాయి, కొన్నిటికి తలుపులే లేవు. అయినా గోడలు చూస్తే పని అర్థమవుతుంది.

రెండు రాతి గోడల మధ్య ఒక తొట్టి, పడవ పట్టేంత. తొట్టికి ఈ చివర ఒక జత తలుపులు, ఆ చివర ఒక జత. పడవ లోపలికి రాగానే వెనుక తలుపులు మూస్తారు. ముందున్న తలుపుల అడుగున చిన్న తూము తెరుస్తారు. నీరు నిదానంగా ఎక్కుతుంది లేదా దిగుతుంది. పడవ దానితోపాటే ఎక్కుతుంది, దిగుతుంది. లోపలి నీరు, బయటి నీరు సమమయ్యాక ముందు తలుపులు తెరుచుకుంటాయి. ఎవరూ పడవను ఎత్తలేదు, దించలేదు. మట్టం మారిందంతే.

ఆ తలుపులు మూసుకునే తీరును దగ్గరగా చూడాలి. రెండు తలుపులూ కలిసినప్పుడు గోడలాగా తిన్నగా నిలబడవు. నీరు ఎక్కువగా ఉన్న వైపుకు కొస చూపిస్తూ, నమస్కారం పెట్టబోయే చేతుల వేళ్ల కొసల్లాగా, కొంచెం ముందుకు మొగ్గి కలుసుకుంటాయి. నీరు ఎంత గట్టిగా నెడితే అవి అంత గట్టిగా ఒకదాన్నొకటి ఒత్తుకుంటాయి. గడియ అక్కరలేదు. తోసే నీటినే కాపలాకు పెట్టుకున్నారు. ఎదురయ్యే బలంతో పోట్లాడకుండా దాన్నే పనికి పెట్టుకోవడం కంటే గొప్ప పనితనం నాకు తెలిసి లేదు.

బకింగ్‌హాం కాలవకు లాకు రెట్టింపు అవసరమయింది. అది ఉప్పునీటి కాలవ. సముద్రపు పోటు నదీముఖాల గుండా లోపలికి వస్తుంది, పాటుకు తిరిగి పోతుంది. గుండ్లకమ్మ, ముసి, పాలేరు, మన్నేరు, పెన్నా, స్వర్ణముఖి దారిలో అడ్డం వస్తాయి. వానాకాలంలో అవి పొంగితే కాలవంతా ఇసుకతో పూడిపోతుంది. అందుకని ముఖ్యమైన నదుల దగ్గర ఈ ఒడ్డున ఒక లాకు, ఆ ఒడ్డున ఒక లాకు కట్టారు. పడవవాడు లాకు దగ్గర ఆగి, నది నెమ్మదించే వేళ చూసుకొని, నీటిని సమం చేసుకొని, నదిని దాటి, అవతలి లాకులో దూరేవాడు. వేళ తప్పితే ఆగేవాడు. ఆగడం కూడా ఆ ప్రయాణంలో భాగమే, దానికి ముందే చోటు కట్టి ఉంది.

నా పథకానికి నదులు ఇట్లాగే మూలస్తంభాలయ్యాయి. నాకు లాకుల స్థానంలో వంతెనలున్నాయి. కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా తీరం వెంబడి వచ్చే 216వ జాతీయ రహదారి దాదాపు 390 కిలోమీటర్లు. గోదావరి పాయలు, కృష్ణ దాని మీద వంతెనల కిందనే పోతాయి. గౌతమి మీద యానాం–ఎదుర్లంక వంతెన, వశిష్ఠ మీద చించినాడ వంతెన, కృష్ణ మీద పులిగడ్డ–పెనుమూడి వంతెన. పొడవాటి వంతెనల మీద పక్కగాలి బలంగా కొడుతుంది, లారీ పక్కన పోయినప్పుడు సైకిలు ఊగుతుంది. అందుకే వంతెనలన్నీ పొద్దున్నే, గాలి లేవకముందే దాటాలని నిర్ణయించుకున్నాను. పెద్ద వంతెన ఉన్నచోట మజిలీని దానికి ముందే, వీలైనంత దగ్గరలో పెట్టాను. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి పంటు ఎక్కి వశిష్ఠను దాటే దారి కూడా ఉంది. ఆ ఒక్క నదిని పంటు మీదే దాటాలని నా కోరిక. లాకు దగ్గర ఆగిన పడవవాడి ఓపిక అక్కడ కొంచెమైనా తెలుస్తుంది.

గాలిని చదవడం

తీరంలో కొండ లేదన్నాను. కొండ చేసే పని అక్కడ గాలి చేస్తుంది. లెక్క వేసి చూడండి. గంటకు 18 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు గాలి లేకపోతే మన ముఖానికి తగిలేది 18 కిలోమీటర్ల గాలి. ఎదురుగా 12 కిలోమీటర్ల గాలి వీస్తే తగిలేది 30. గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి బరువు దాదాపు 2.8 రెట్లు. అదే 12 కిలోమీటర్ల గాలి వీపు మీద ఉంటే తగిలేది 6 మాత్రమే, అడ్డు తొమ్మిదో వంతుకు పడిపోతుంది. ఒకే దారి, ఒకే కాళ్లు. దిక్కు మారితే పని ఇంతగా మారుతుంది.

తెరచాప పడవలు తిరిగిన కాలవ మీద గాలి దిక్కు తెలియకుండా ఏ పడవవాడూ బయలుదేరి ఉండడు. వేసవి మొదలు నైరుతి రుతుపవనం దాకా తీరంలో గాలి దక్షిణం వైపు నుంచి వస్తుంది. ఆశ్వయుజ కార్తీకాలు వచ్చేసరికి ఈశాన్యానికి తిరుగుతుంది. ఆ నెలల్లోనే తుఫానులు కూడా. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన ఆ ఊళ్లవాళ్ల మాటల్లో ఇంకా బతికే ఉంది. అవనిగడ్డ, పులిగడ్డ దారి నా పటంలో ఉంది కాబట్టి నవంబరులో ఆ వైపు పోకూడదని మొదటే కొట్టేశాను.

మిగిలింది సంక్రాంతి దాటిన నెల రోజులు. తుఫానులు సద్దుమణుగుతాయి, ఈశాన్యపు గాలి ఇంకా మిగిలుంటుంది, ఎండ ముదరదు. ఈ ఒక్క నిర్ణయంతో దారి దిక్కు తేలిపోయింది. పులివెందుల నుంచి నెల్లూరు పోయి అక్కడి నుంచి ఉత్తరానికి తొక్కితే ప్రతి రోజూ గాలికి ఎదురే. అందుకని సైకిలును లగేజీలో వేసి కడపలో రైలెక్కి, సామర్లకోటలో దిగి, కాకినాడ నుంచి దక్షిణానికి రావాలి. నెల్లూరు చేరాక పడమటికి తిరిగి ఇంటికి. అప్పుడు గాలి మొదటి నుంచి చివరి దాకా వీపు వైపే. తిరుగు దారిలో ఎక్కాల్సిన 270 మీటర్లకూ అదే సాయం. ఎదురయ్యే బలాన్ని పనికి పెట్టుకోమని లాకు తలుపులు చెప్పిన పాఠం ఇక్కడ నాకు పనికొచ్చింది.

మజిలీలు

ఇక రోజుల లెక్క. అరవై డెబ్బై కిలోమీటర్లు మించని రోజులే ఎక్కువ. దూర సైకిలు సవారీలవాళ్లు 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో, 600ను నలభై గంటల్లో ముగించాలని నియమం పెట్టుకుంటారు. ఆగిన సమయంతో కలిపి గంటకు పదిహేను చొప్పున. ఆ దీక్ష గొప్పదే. నేను పోయేది చూడటానికి, కాబట్టి మధ్యాహ్నానికే తొక్కడం ముగిసేటట్టు వేశాను.

సామర్లకోట నుంచి కాకినాడ మీదుగా యానాం మొదటి రోజు. యానాం నుంచి అమలాపురం, రాజోలు మీదుగా నరసాపురం సుమారు 80. నరసాపురం నుంచి మచిలీపట్నం సుమారు 75, ఉప్పుటేరు దాటి రొయ్యల చెరువుల మధ్యగా. అక్కడి నుంచి కృష్ణ దాటి రేపల్లె 55. రేపల్లె నుంచి బాపట్ల మీదుగా చీరాల అరవై పైన. చీరాల నుంచి పెదగంజాం చూసుకొని ఒంగోలు. ఒంగోలు నుంచి కావలి 65, కావలి నుంచి నెల్లూరు 55. ఒక రోజు కృష్ణపట్నం పోయి రావడం. మా ప్రొద్దుటూరు, మైదుకూరు మీదుగా పోయే 67వ జాతీయ రహదారి ముగిసేది ఆ ఓడరేవు దగ్గరే. మా వైపు దారి సముద్రం దగ్గర ఎక్కడ ఆగుతుందో చూడాలి కదా. తరువాత ఆత్మకూరు, బద్వేలు, మైదుకూరు, ప్రొద్దుటూరు, ఇల్లు. మొత్తం 750 కిలోమీటర్లకు పైనే.

కాలవ గట్టు మీదే అంతా తొక్కొచ్చునా అని చాలామంది అడుగుతారు. కుదరదు. 1965, 1966 తుఫానుల దెబ్బకు కాలవ చాలాచోట్ల పూడిపోయింది, పడవల రాకపోకలు పడిపోయాయి. గట్టు కొన్నిచోట్ల తుమ్మచెట్లలో కలిసిపోయింది, కొన్నిచోట్ల చెరువులోళ్లు కోసుకున్నారు. దక్షిణాన అది పులికాట్ సరస్సులోకి, శ్రీహరికోట వైపు పోతుంది. అందుకని రోజంతా రోడ్డు మీద తొక్కి, రోజుకొక్కచోట కాలవ దగ్గరకు పోయి, గట్టు బాగున్నంత మేర తొక్కి వెనక్కి రావాలని వేసుకున్నాను. ఉప్పునేలలో తాగునీరు ఊరి బయట దొరకదు, నీడ తక్కువ. నీళ్ల లెక్క మాత్రం రాయలసీమ వాళ్లకు ఎవరూ నేర్పక్కరలేదు. ఊరు దాటేముందు రెండు సీసాలు నిండాలి, సంచిలో వేయించిన చెనిక్కాయలు, బెల్లం ఉండాలి.

సాధన కోసం దూరం పోనవసరం లేదు. మన జిల్లాలోనే ఒక పడవల కాలవ ఉంది. తుంగభద్ర మీద సుంకేసుల నుంచి కడప దాకా 300 కిలోమీటర్లు దాటిన కర్నూలు–కడప కాలవ. 1860లలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ దాన్ని నీళ్లకూ పడవలకూ కలిపి తవ్వించింది, 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. మైదుకూరు వైపు దాని గట్టు మీద పొద్దున పూట రెండు గంటలు ఆగకుండా తొక్కితే చదును ఎట్లా అలసట తెస్తుందో ఒంటికి తెలిసిపోతుంది.

డెబ్బై రెండు పుల్లలు

దారి మట్టం తెలిశాక చక్రం మట్టం మిగిలింది. మా ఊళ్లో చాలా ఏళ్లుగా సైకిలు షాపు నడుపుతున్న పెద్దాయన దగ్గరకు బండి తీసుకుపోయాను.

“యాడికి పోతాండావు నాయనా?”

“కాకినాడ నుంచి నెల్లూరు దాకా తొక్కాల మామా.”

“అంత దూరమా! అయితే ఎనక చక్రం ఇప్పి చూడాల్సిందే.”

మామూలు సైకిలుకు ముందు చక్రంలో 32 పుల్లలు, వెనుక చక్రంలో 40. బరువంతా వెనుక పడుతుంది కాబట్టి ఆ ఎనిమిది ఎక్కువ. ఒక్క పుల్లను విడిగా నేల మీద నిలబెట్టి నొక్కితే వెంటనే వంగిపోతుంది. అట్లాంటివి 40 కలిసి మనిషినీ మూటనూ మోస్తాయి, ఎందుకంటే ప్రతి పుల్లా రిమ్మును హబ్బు వైపు లాగుతూ ఉంటుంది. అన్ని వైపుల లాగుడూ సమంగా ఉన్నంతకాలం రిమ్ము గుండ్రంగా నిలుస్తుంది. పుల్లలను హబ్బుకు తాకినట్టు వాలుగా, ఒకదాని మీదుగా ఒకటి అల్లే పద్ధతికి 1874లో జేమ్స్ స్టార్లీ హక్కు పొందాడు. నేటికీ చక్రాలు అట్లాగే అల్లుతారు.

పెద్దాయన చక్రాన్ని ఫోర్కులోనే తిప్పి, బొటనవేలు రిమ్ముకు వెంట్రుకవాసి దూరంలో ఆనించి పట్టుకున్నాడు. చక్రం తిరుగుతుంటే ఒకచోట రిమ్ము వేలిని తాకింది. అక్కడ ఆపి సుద్దతో గుర్తు పెట్టాడు. రిమ్ము కుడికి పోయింది కాబట్టి ఎడమ పక్క పుల్ల నిపిల్‌ను కీతో పావు తిప్పు బిగించాడు, కుడి పక్క దాన్ని పావు తిప్పు వదిలాడు. మళ్లీ తిప్పాడు, మళ్లీ వేలు. ఎక్కడా తొందర లేదు. “ఒక్కపాలి అర తిప్పు తిప్పినావంటే ఇంగొక తావ బెండు లేచ్చాది” అన్నాడు. అంతా అయ్యాక పుల్లలను ఒక్కొక్కటిగా గోటితో మీటాడు. బిగువు సమంగా ఉన్న పుల్లలన్నీ ఒకే తీరుగా పలికాయి. ఒకటి మాత్రం లోతుగా పలికింది, దాన్ని కొంచెం బిగించాడు. అప్పుడు నలభై పుల్లలూ ఒకే మాట చెప్పాయి.

హబ్బులు విప్పి బాల్స్ కడిగి కొత్త గ్రీజు పెట్టాడు. “సముద్రం గాలి ఇనుమును తినేచ్చాది, సాయంత్రం రోజూ మంచినీళ్లతో తుడువు, గొలుసుకు నూనె మరవొద్దు” అని పంపించాడు. కాలవ తవ్వినవాడు మట్టాన్ని నీటితో చూశాడు, ఈయన బొటనవేలితో, చెవితో చూశాడు. ఇద్దరూ ఒకే చదువు చదివినవాళ్లు.

ఆ గట్టు ఎవరిది

బకింగ్‌హాం కాలవ గురించి చెప్పేటప్పుడు మన సీమవాళ్లు మరవకూడని సంగతి ఒకటుంది. 1876–78 కరువును మనం ధాత కరువు అంటాం. కడప, కర్నూలు, అనంతపురం, బళ్లారి ప్రాంతాలు అందులో అల్లాడిపోయాయి. బతుకుతెరువు కోసం జనం చెన్నపట్నం దారి పట్టారు. ఆ నగరంలో కూవం, అడయారు నదులను కలిపే దాదాపు ఎనిమిది కిలోమీటర్ల కాలవ భాగాన్ని 1877–78లో కరువు పనిగానే తవ్వించారు. ఆ ముక్కతోనే ఉత్తర దక్షిణ కాలవలు ఒకటయ్యాయి.

1877 మొదట్లో భారత ప్రభుత్వం కరువు ప్రతినిధిగా పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలీని మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణాకు తగ్గించాడు. ఒక పౌనంటే 450 గ్రాములు. మద్రాసు శానిటరీ కమిషనర్ డబ్ల్యు. ఆర్. కార్నిష్ అది మనిషి ప్రాణానికి చాలదని గట్టిగా వాదించాడు. నేను నా యాత్రకు తిండి లెక్క రాసుకుంటున్నప్పుడు పొద్దున ఇడ్లీలు, మధ్యాహ్నం అన్నం, దారిలో చెనిక్కాయలు, బెల్లం, అరటిపండ్లు, రాత్రి మళ్లీ అన్నం అని రాసి, ఆ అంకె పక్కన పెట్టి చూసుకున్నాను. అంత తక్కువ తిండితో మట్టి తవ్వి తట్ట మోసినవాళ్ల కాలంలో, వాళ్లలాంటివాళ్ల చేతుల మీదుగా ఆ చదును తయారయింది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు అదే కాలవ చాలాచోట్ల నీటిని తనలోకి తీసుకొని వెనుక ఊళ్లను కాపాడింది.

తీరం వెంబడి సైకిలు యాత్ర వేసుకునేవాళ్లకు నాది ఒక్క మాట. పటం మీద ముందు నీలి గీతను వెతకండి, ఆ తరువాత రోడ్డును. సంక్రాంతి దాటాక, ఉత్తరం నుంచి దక్షిణానికి బయలుదేరండి. చక్రాన్ని చెవితో చూడగలిగిన మనిషికి ఒకసారి చూపించండి. దారిలో పాడుబడిన లాకు కనిపిస్తే దిగి, సైకిలును గోడకు ఆనించి, ఆ రాతి మీద చెయ్యి పెట్టి ఒక్క నిమిషం నిలబడండి. మీ కాళ్ల కింద ఉన్న చదును మన తాతల కాలంలో అట్లాంటి కూలి మనుషులు తట్టలతో మోసి వేసింది.